హాజరు పుస్తకంలో ఖాళీ గడి: క్లబ్బు సభ్యుల మానసిక ఆరోగ్యం కోసం మనం చేయగలిగిన పని

మా వాలీబాల్ క్లబ్బులో ప్రతి ఉదయం కోర్టు గీతలకు సున్నం వేసే పనిని చాలాకాలం పాటు ఒకే అబ్బాయి చూసుకునేవాడు. అందరికన్నా ముందే వచ్చి, తాడు బిగించి కట్టి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాతో సున్నం రాలుస్తూ, వెనక్కి నడుస్తూ గీసేవాడు. ఒక వేసవిలో ఆ గీతలు వంకర పోవడం మొదలైంది. తర్వాత రెండు రోజులు అసలు గీతలే పడలేదు. కార్యదర్శిగా ఉన్న నేను దాన్ని బద్ధకం అనుకుని, జట్టు మొత్తం ముందు అతన్ని గట్టిగా మందలించాను. అతను ఏమీ బదులు చెప్పలేదు. తల వంచుకుని బూటు లేసు విప్పడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ విప్పడం చేస్తూ కూర్చున్నాడు. పక్కన బోర్లా పెట్టిన ఫోను ఆగకుండా వణుకుతూనే ఉంది. మరునాటి నుంచి 19 రోజులు అతను గ్రౌండుకు రాలేదు. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం మా హాజరు పుస్తకమే. చందా లెక్కల కోసం పెట్టుకున్న ఆ పుస్తకంలో అతని పేరు ఎదురుగా 19 గడులు వరుసగా ఖాళీగా ఉన్నాయి, ప్రతిరోజూ ఆ పేజీ అడుగున సంతకం పెట్టింది నేనే.

అతను ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు. అతని అనుమతి తీసుకునే ఇంతవరకు రాశాను. ఆ 19 రోజుల్లో మేము చేయకుండా వదిలేసిన పనులు, ఆ తర్వాత నేర్చుకుని అమలు చేస్తున్న పనులు ఇతర క్లబ్బుల వారికి ఉపయోగపడాలన్నది నా ఉద్దేశం. ఇవి వాలీబాల్, కబడ్డీ, షటిల్ క్లబ్బులకు, గ్రామాల్లోని యువజన సంఘాలకు, వాకర్స్ అసోసియేషన్లకు, మహిళా పొదుపు సంఘాలకు దాదాపు ఒకేలా వర్తిస్తాయి.

క్లబ్బు వల్ల అయ్యే పని, కాని పని

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ) ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. అంటే 60 మంది సభ్యులున్న క్లబ్బులో సగటున ఆరుగురు. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా 1,70,924 మంది ఆత్మహత్య చేసుకోగా, వారిలో 1,22,724 మంది పురుషులు. మన క్రీడా క్లబ్బుల్లో ఎక్కువమంది పురుషులే కనుక ఈ అంకెను మనం ప్రత్యేకంగా గమనించాలి. దిగులుగా ఉందని డాక్టరు దగ్గరికి వెళ్ళని మగవాడు కూడా పొద్దున్నే గ్రౌండుకు మాత్రం వస్తాడు.

అందుకే క్లబ్బుకు ఒక అవకాశం ఉంది. డాక్టరు ఒక మనిషిని పదిహేను నిమిషాలు చూస్తాడు. మనం అదే మనిషిని ఏళ్ళ తరబడి, ఒకే వేళకు, ఒకే చోట చూస్తాం. అతను మామూలుగా ఎలా నవ్వుతాడో, ఓడిపోతే ఎంతసేపు అలుగుతాడో, బంతి ఎంత బలంగా కొడతాడో మనకు తెలుసు. మామూలు తెలిసినవారికే మార్పు కనిపిస్తుంది. ఆ మార్పును గమనించడం, ఒంటరిగా కలిసి అడగడం, చెప్పింది వినడం, అవసరమైతే వైద్యుని గుమ్మం దాకా వెంట వెళ్ళడం క్లబ్బు చేయగలిగిన పని. ఇది ఫలానా జబ్బు అని పేరు పెట్టడం, ఈ మందు వేసుకో, ఆ మందు మానెయ్ అనడం మాత్రం క్లబ్బు పని కాదు, ఆ గీత ఎప్పుడూ దాటకూడదు.

గమనించడానికి, వినడానికి పెద్ద చదువులు అక్కరలేదని మన దగ్గరే రుజువైంది. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో నడిచిన స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలే ట్యాబ్లెట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, కుంగుబాటు, ఆందోళన లక్షణాలున్నవారిని గుర్తించి డాక్టర్లకు చూపించారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ పద్ధతిలో, శిక్షణ పొందిన బామ్మలు ఆరోగ్య కేంద్రాల బయట బల్ల మీద కూర్చుని మనుషుల బాధ వింటారు. అక్కడి షోనా భాషలో కుంగుబాటుకు వాడే మాట 'కుఫుంగిసిస', అంటే అతిగా ఆలోచించడం. మన ఇళ్ళలో 'వాడు ఊరికే ఆలోచిస్తూ కూర్చుంటున్నాడు' అని అమ్మలు అనే మాట కూడా సరిగ్గా అదే. మన గ్రౌండు గట్టు మీద సిమెంటు బల్ల ఎలాగూ ఉంటుంది, దాని మీద కూర్చుని వినే మనిషిని సిద్ధం చేసుకోవాలి.

మొదట హాజరు పుస్తకాన్ని సరిచేసుకోండి

సభ్యుడు చేరేటప్పుడు అతని ఫోను నంబరుతో పాటు, 'మీకేదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పమంటారు?' అని అడిగి ఆ రెండో మనిషి నంబరు కూడా రాసుకోండి. ఆ రెండో మనిషిని సభ్యుడే ఎంచుకోవాలి. తండ్రి పేరే రాయాలని పట్టుబట్టకండి, ఎందుకంటే కొందరి బాధకు మూలం ఇంట్లోనే ఉంటుంది. మా క్లబ్బులో ఒక కుర్రాడు మేనమామ నంబరు ఇచ్చాడు, ఒక పెద్దాయన తను రోజూ టీ తాగే కొట్టు యజమాని నంబరు ఇచ్చారు.

తర్వాత ఒక నియమం పెట్టుకోండి. చెప్పాపెట్టకుండా మూడు రోజులు రాకపోతే ఆ సాయంత్రమే ఫోను చేయాలి, ఏడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్ళాలి. ఈ నియమం సభ్యులందరికీ ముందే తెలిసి ఉండాలి. అప్పుడు ఇంటికి వెళ్ళినా 'నన్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చారు?' అన్న సంకోచం సభ్యునికి కలగదు, అది అందరికీ జరిగే మామూలు పని అవుతుంది. ఫోను చేసే బాధ్యతను కోశాధికారికి అప్పగించకండి. ఆయన ఫోను చేస్తే చందా బాకీ కోసమే అనుకుని ఎత్తరు. మేము గైరుహాజరైన నెలకు చందా వసూలు చేయడం కూడా మానేశాం. నెలకు వంద రూపాయలే అయినా, మూడు నెలల బాకీ పేరుకున్న మనిషి ఆ ముఖం చూపించలేక శాశ్వతంగా మానేయడం మేము కళ్ళారా చూశాం.

రావడం మానేసినవారి గురించే కాదు, వస్తూనే మారిపోయినవారి గురించి కూడా జాగ్రత్త పడాలి. ఆట అయ్యాక అందరితో కలిసి టీకి ఆగే మనిషి నేరుగా వెళ్ళిపోవడం, చిన్న తప్పుకు కూడా చెయ్యి చేసుకునేంత కోపం రావడం, గడ్డం, బట్టలు పట్టించుకోకపోవడం, బరువు గబగబా తగ్గడం, పొద్దున్నే మందు వాసన రావడం, ఇష్టంగా దాచుకున్న బూట్లో రాకెట్టో 'నువ్వే ఉంచుకో' అని పంచిపెట్టడం గమనించవలసిన మార్పులు. ఈ చివరిదాన్ని మంచితనమనుకుని వదిలేయకండి, ఆరోజే కలిసి మాట్లాడండి.

మన వాళ్ళు బాధను మనసు పేరుతో చెప్పరు, ఒంటి పేరుతో చెబుతారు. నిద్ర పట్టడం లేదు, గుండెల్లో దడగా ఉంది, తల బరువెక్కుతోంది, కాళ్ళూ చేతులూ లాగేస్తున్నాయి, అన్నం సహించడం లేదు అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి సెలైన్ పెట్టించుకుని వస్తారు, వారానికి మళ్ళీ అదే నీరసం. రెండు వారాలు దాటినా తగ్గని ఇలాంటి ఫిర్యాదు వినిపిస్తే ఒంటికి సంబంధించిన పరీక్షలు చేయించమనండి, వాటితో పాటు మనసు సంగతి కూడా అడగండి.

ఎలా అడగాలి

అడిగే పనికి క్లబ్బు ఇద్దరిని నియమించుకోవడం మంచిది. ఒకరు మహిళ అయితే మరీ మంచిది. జట్టును ఎంపిక చేసే కోచ్‌కు ఈ బాధ్యత ఇవ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. రేపటి జిల్లా సెలక్షన్స్‌లో తన పేరు ఉండాలో వద్దో నిర్ణయించే మనిషి ముందు ఏ కుర్రాడూ 'నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు' అని ఒప్పుకోడు. ఈ ఇద్దరికీ జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగం వారితో ఒక పూట మాట్లాడించండి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశాల్లో సామాన్య ప్రజలకు అవగాహన కల్పించడం కూడా ఒకటి కనుక, క్లబ్బు తరఫున ఒక ఉత్తరం రాసి అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడు మెట్లు చెప్పారు: చూడు, విను, జోడించు. ఈ మూడింటిలో మనకు అలవాటు లేనిది రెండోది. ఎదుటివాడు రెండు మాటలు చెప్పగానే మనం సలహాలోకి దిగిపోతాం. అందుకని మొదటిసారి కలిసినప్పుడు సలహా ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకుని వెళ్ళండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టు అడిగితే ఎవరూ నోరు విప్పరు. గ్రౌండు చుట్టూ నడుస్తూనో, నెట్టు చుడుతూనో, బండి మీద ఇంటికి దింపుతూనో అడిగితే మాట సులువుగా వస్తుంది.

మాట మామూలుగానే మొదలుపెట్టండి. 'ఏం తమ్ముడూ, పది రోజులుగా నువ్వు నువ్వులా లేవు. ఆట సంగతి కాదు నేనడిగేది, నీ సంగతి. ఏమైంది?' అంటే చాలు. పెద్దవారితోనైతే 'మాస్టారూ, అమ్మగారు పోయాక మీరు మాతో టీకి రావడం మానేశారు, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?' అనవచ్చు. 'ఏం లేదన్నా, బాగానే ఉన్నా' అనే జవాబే మొదట వస్తుంది. దాన్ని కాదనకండి, వదిలేయనూ వద్దు. 'సరే, నాకెందుకో అలా అనిపించింది. ఎల్లుండి మళ్ళీ అడుగుతాను, విసుక్కోకు' అని చెప్పి, ఎల్లుండి తప్పకుండా అడగండి. గీతలకు సున్నం వేసే మా క్లబ్బు అబ్బాయి నోరు విప్పింది నేను మూడోసారి వెళ్ళినప్పుడు. మొదటి రెండుసార్లూ వాళ్ళ అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మందలించినందుకు క్షమాపణ చెప్పి, వాతావరణం గురించి మాట్లాడుకుని వచ్చేశాం.

మాట్లాడేటప్పుడు కొన్ని మాటలు ఎంత ప్రేమతో అన్నా గాయపరుస్తాయి. 'మగాడివి, ఏంటా ఏడుపు', 'నీకేం తక్కువరా', 'మనసు గట్టి చేసుకో', 'నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు' అనే మాటలు విన్నవాడు తన బాధతో పాటు తన చేతకానితనాన్ని కూడా మోయవలసి వస్తుంది. దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో ఇంట్లోవాళ్ళు నమ్ముతుంటే వారితో వాదానికి దిగకండి. 'మీరు చేయించేది చేయించండమ్మా, దాంతో పాటే ఒకసారి పెద్దాసుపత్రిలో కూడా చూపిద్దాం, నేను వెంట వస్తాను' అంటే చాలా ఇళ్ళలో ఒప్పుకుంటారు.

అప్పు, పందెం

ఈ భాగం గురించి కాస్త ఎక్కువగా రాయాలి, ఎందుకంటే యువకులున్న క్లబ్బుల్లో ఇటీవలి కాలంలో మాకు ఎదురైన సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. క్రికెట్ పందేల యాప్‌లో మొదట కొద్దిగా గెలవడం, తర్వాత పోగొట్టుకోవడం, పోయింది రాబట్టడానికి లోన్ యాప్‌లో అప్పు చేయడం, ఆ అప్పు తీర్చడానికి మరో యాప్‌లో అప్పు చేయడం, చివరికి ఫోనులోని పరిచయస్తులందరికీ అసభ్యమైన మార్ఫింగ్ ఫొటోలు పంపుతామన్న బెదిరింపులు రావడం దాదాపు ఒకే వరుసలో సాగుతాయి. మా అబ్బాయి ఫోను అంతగా వణికింది అందుకే.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధం విధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. నిషేధం అవసరమే, అయితే దాని వల్ల అప్పుల పాలైన కుర్రాడికి మరో భయం పుట్టుకొచ్చింది: ఎవరికైనా చెబితే పోలీసులు తననే పట్టుకుంటారని. అందుకని మొట్టమొదట ఆ భయాన్ని తీర్చి, ఫిర్యాదు చేయవలసింది బెదిరిస్తున్నవారి మీద అని అతనికి చెప్పాలి. సైబర్ నేరాల ఫిర్యాదులకు జాతీయ నంబరు 1930. బెదిరింపు సందేశాలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి. రుణ యాప్‌లు అప్పు తీసుకున్నవారి ఫోనులోని నంబర్ల జాబితాను, ఫొటోలను తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే ఆదేశాలిచ్చింది కనుక, అలా తీసుకుని వేధించడమే వారి తప్పు. పరువు పోతుందన్న భయం తగ్గాలంటే, అలాంటి ఫొటోలు ఎవరికైనా వస్తే నమ్మకుండా వెంటనే తొలగించాలని క్లబ్బు సమావేశంలో ఎవరి పేరూ ఎత్తకుండా ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఆ ఒక్క మాట విన్న తర్వాత మా దగ్గర ఇద్దరు తమంతట తామే వచ్చి చెప్పుకున్నారు.

సభ్యులు చందాలేసుకుని ఆ అప్పు తీర్చేయడం మాత్రం సరైన మార్గం కాదని నా అనుభవం. పందెం అలవాటు అలాగే ఉండగా అప్పు తీరిస్తే కొత్త అప్పుకు దారి చేసినట్టే అవుతుంది. ఇంట్లో ఒక పెద్దవారికి విషయం చెప్పించి, పందెం వ్యసనానికి కూడా మానసిక వైద్యుల దగ్గర చికిత్స ఉందని వివరించి, ఆ దారిలో తోడుగా ఉండటమే మేలు.

చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పినప్పుడు

ఈ ప్రశ్న అడగడానికి అందరూ భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని సందేహిస్తారు. అలా జరగదని, అడగడం వల్ల మనిషికి భారం తగ్గే అవకాశమే ఎక్కువని ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి బతకాలని లేదనో, నేను లేకపోతేనే అందరికీ హాయి అనో ఎవరైనా అంటే, 'చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?' అని తిన్నగా, నెమ్మదిగా అడగండి. అవునంటే, ఎలా, ఎప్పుడు అన్నది ఏమైనా అనుకున్నాడా అని కూడా అడగండి. ఏదైనా నిర్ణయించుకుని ఉంటే అది అత్యవసర పరిస్థితి. ఆ మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. 108కి గాని 112కి గాని ఫోను చేయండి, లేదా మీరే ఇద్దరు తోడుగా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. ఇంట్లో ప్రమాదకరమైన వస్తువులు, ముఖ్యంగా వ్యవసాయ కుటుంబాల్లో పురుగుమందులు, ఆ రోజే మరొకరి ఇంటికి తరలించమని కుటుంబానికి చెప్పండి. ఈ చిన్న పని వల్ల ప్రాణాలు నిలుస్తాయి, ఎందుకంటే ఆ తీవ్రమైన ఘడియ చాలామందికి కొంతసేపటికి దాటిపోతుంది.

'ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తే చెబుతాను' అని కొందరు అడుగుతారు. ఆ ఒట్టు వేయవద్దు. 'నీ ప్రాణానికి ముప్పు లేనంతవరకు నా నోరు దాటదు, ముప్పు ఉందనిపిస్తే మాత్రం నిన్ను కాపాడగలిగినవారికి చెబుతాను, అది కూడా నీకు చెప్పే చేస్తాను' అని మొదటే స్పష్టం చేయండి.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆత్మహత్యాయత్నం చేసినవారిని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. అతనికి సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ లేదు. ఈ మూడు వాక్యాలూ క్లబ్బు నోటీసు బోర్డు మీద ఉండదగినవి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక సభ్యుడు ఆత్మహత్యతో దూరమైతే, వాట్సాప్ గ్రూపులో ఎలా జరిగిందన్న వివరాలు, ఫొటోలు రాకుండా వెంటనే ఆపండి. సంతాప సభ పెట్టండి, కుటుంబానికి అండగా నిలబడండి. కానీ నెల తిరగకముందే పెద్ద ఫ్లెక్సీలతో స్మారక టోర్నమెంటు ప్రకటించడం మంచిది కాదు. అప్పటికే కుమిలిపోతున్న మరో కుర్రాడికి ఆ మరణం గౌరవానికి దారిగా కనిపించే ప్రమాదం ఉంది. చనిపోయిన సభ్యుడికి దగ్గరి స్నేహితులెవరో చూసుకుని, వారిని ఆ తర్వాతి నెలల్లో విడవకుండా కనిపెట్టి ఉండండి.

డాక్టరు గుమ్మం దాకా

14416 అనేది ఫోనులోనే మానసిక సహాయం అందించే టెలీమానస్ సేవ నంబరు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 1800-891-4416 కూడా దానిదే. క్లబ్బు బాధ్యులు ముందుగా తామే ఒకసారి ఆ నంబరుకు ఫోను చేసి, భాష ఎంచుకోమని అడిగే దగ్గర నుంచి మనిషి గొంతు వినిపించే దాకా ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. అప్పుడు 'నేనూ చేశాను, ఇలా ఉంటుంది' అని సభ్యుడికి ధైర్యంగా చెప్పగలుగుతారు. కేవలం నంబరు చేతిలో పెట్టి వదిలేస్తే చాలామంది చేయరు. పక్కన కూర్చుని చేయించండి, మాట మొదలయ్యాక లేచి కాస్త దూరంగా వెళ్ళండి.

ఎదురుగా చూపించుకోవలసి వస్తే జిల్లా ఆసుపత్రులు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అందరికీ తెలిసినవే. అయితే 'ఎర్రగడ్డ' అన్న మాటనే మనం తిట్టుగా వాడుకున్నాం కనుక, ఆ పేరు వినగానే కుటుంబం బెదిరిపోతుంది. కుంగుబాటుకు, ఆందోళనకు అంత దూరం వెళ్ళనవసరం చాలాసార్లు ఉండదనీ, జిల్లా ఆసుపత్రి ఓపీలో చూపించుకుని అదే రోజు ఇంటికి రావచ్చనీ చెప్పండి. మొదటిసారి వెంట వెళ్ళండి. మా క్లబ్బు ఆటో ఖర్చులకు, మందులకు ఒక చిన్న నిధి పక్కన పెట్టింది. ఎవరికి ఇచ్చామన్నది ఆ ఇద్దరు బాధ్యులకు తప్ప కమిటీకి కూడా తెలియదు, ఎంత ఖర్చయిందన్న మొత్తాన్ని మాత్రమే కమిటీ చూస్తుంది.

మందుల గురించి రెండు సంగతులు సభ్యులకు తెలిసి ఉండాలి. కుంగుబాటు మందులు పని చేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో గుణం కనిపించలేదని మానేయకూడదు, తగ్గాక కూడా డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. రెండవది, రాష్ట్ర, జాతీయ స్థాయికి వెళ్ళే క్రీడాకారులు డోపింగ్ పరీక్షలో దొరుకుతామేమోనని మాత్రలు వేసుకోరు. కుంగుబాటుకు ఎక్కువగా రాసే ఎస్సెస్సారై రకం మందులు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషిద్ధ జాబితాలో లేవు. ఏ మందు విషయంలోనైనా తాను క్రీడాకారుణ్ణని డాక్టరుకు ముందే చెప్పి అడగడం మంచిది.

కోచ్ నోరు, సెలక్షన్స్, గాయాలు

గ్రౌండులో 'పిచ్చోడా', 'మెంటల్‌గాడా' అన్న తిట్లు ఆపకుండా క్లబ్బు గోడ మీద ఎన్ని పోస్టర్లు అంటించినా ప్రయోజనం లేదు. సభ్యుడు తన గురించి చెప్పుకోవాలా వద్దా అన్నది ఆ తిట్టు విన్న క్షణంలోనే నిర్ణయించుకుంటాడు. తప్పును ఆట తప్పుగా చెప్పండి, ఒంటరిగా చెప్పండి. నేను ఆ రోజు చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకంగా చేయండి.

ఏడాదిలో కొన్ని రోజులు క్రీడాకారులకు గండం లాంటివి. సెలక్షన్స్ జాబితా అంటించిన సాయంత్రం, ఇంటర్ ఫలితాల వారం, అండర్-19 వయసు దాటిపోయిన నెల, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేజారిన రోజు అలాంటివే. జాబితాను గోడకు అంటించి వెళ్ళిపోవద్దు. పేరు లేనివారికి ముందుగా విడిగా చెప్పండి, ఎందుకు రాలేదో చెప్పండి, మరునాడు ఎన్నింటికి రావాలో కూడా చెప్పండి. మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగిన ఆటగాడు ఆపరేషన్ తర్వాత మళ్ళీ పోటీలో దిగడానికి తొమ్మిది నెలలు, అంతకుమించీ పట్టవచ్చు. ఆ తొమ్మిది నెలలు అతన్ని ఇంట్లో వదిలేస్తే ఆటతో పాటు మనుషులు కూడా పోతారు. స్కోరు రాయడం, చిన్నపిల్లలకు సర్వీసు నేర్పడం, లైన్ అంపైరుగా నిలబడటం వంటి పని ఏదో ఒకటి అప్పగించి రప్పించండి.

పెద్ద ఆటగాళ్ళ పేర్లు ఇక్కడ నిజంగా ఉపయోగపడతాయి. 2014 ఇంగ్లండ్ పర్యటనలో ఐదు టెస్టుల్లో 134 పరుగులే చేసిన రోజుల్లో తాను కుంగిపోయానని విరాట్ కోహ్లి బహిరంగంగా చెప్పారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన తర్వాత తనను ఆవరించిన శూన్యం గురించి అభినవ్ బింద్రా మాట్లాడారు. ఓడినవాడికే కాదు, గెలిచినవాడికీ ఇది వస్తుందన్న సంగతి పదహారేళ్ళ పిల్లవాడికి మన మాటకన్నా వారి మాట వల్లే బాగా ఎక్కుతుంది.

మైనర్ పిల్లలున్న క్లబ్బులు మరో విషయం మరవకూడదు. ఆడపిల్ల గాని మగపిల్లవాడు గాని హఠాత్తుగా ప్రాక్టీసుకు రానని మొండికేస్తే, ఫలానా వ్యక్తి ఉంటే భయపడుతుంటే, దాన్ని దిగులుగా మాత్రమే చూడకండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, అనుమానం కలిగినా పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. క్లబ్బు పరువు కోసం లోపల లోపలే సర్దుబాటు చేయడం నేరం. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

గుట్టు, తిరిగి రావడం

ఒకరి విషయం వాట్సాప్ గ్రూపులో 'మన తమ్ముడి కోసం అందరూ ప్రార్థించండి' అన్న సదుద్దేశంతో పెట్టినా, అది ఊరంతా తిరుగుతుంది, పెళ్ళి సంబంధాల దాకా వెళుతుంది. 2017 చట్టం చికిత్స పొందేవారికి తమ వివరాలు గోప్యంగా ఉండే హక్కు ఇచ్చింది, అదే మర్యాదను క్లబ్బు కూడా పాటించాలి. హాజరు పుస్తకంలో కారణం రాయకండి. 'సెలవు' అన్న ఒక్క మాట రాస్తే సరిపోతుంది. వినే బాధ్యత తీసుకున్న ఆ ఇద్దరూ కూడా అలసిపోతారు, అన్నీ మోయలేరు. వారు ఏడాదికోసారి మారేలా చూడండి, ఒకరికొకరు మనసు విప్పి చెప్పుకోవడానికి నెలకొక సాయంత్రం కేటాయించండి.

చికిత్స తీసుకుంటున్న సభ్యుడు తిరిగి వచ్చే మొదటి రోజు గురించి ముందే ఆలోచించండి. చప్పట్లు, దండలు, 'ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళు?' అన్న ప్రశ్నలు ఏవీ వద్దు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అతనితోనే ముందు రోజు మాట్లాడుకోండి. 'ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు నయం' అని అతను ఎంచుకుంటే మీరూ అదే చెప్పండి. మందుల వల్ల మొదట్లో మగతగా ఉండవచ్చు, కనుక పూర్తి మ్యాచ్ ఆడించకండి, ఆడకపోయినా రావచ్చని చెప్పండి. మా అబ్బాయి తిరిగి వచ్చిన రోజు ఆడలేదు. ఆట మొదలవడానికి అరగంట ముందే వచ్చి, స్టోర్ రూము తాళం అడిగి, సున్నం డబ్బా బయటికి తీశాడు. తాడు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి, నేను వెళ్ళి పట్టుకున్నాను.